నలుపూ తెలుపూ, రబ్బరు చేతులూ

ఏడు నిమిషాల కార్టూన్‌కి ఎన్ని బొమ్మలు గీయాలో ఎప్పుడైనా లెక్కేశారా? నేను వేశాను. (వృత్తిలోంచి అంటుకున్న జబ్బు లెండి. ఎవరేం అడిగినా, ముందు దానికెన్ని గంటలు పడుతుందో వేళ్ళమీద లెక్కపెట్టుకోవడం అలవాటైపోయింది.) సెకనుకి 24 ఫ్రేములు. నిమిషానికి 1,440. ఏడు నిమిషాలకి 10,080. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడుకుని సరిపెట్టినా 5,040 బొమ్మలు. ఒక్కో బొమ్మకి పెన్సిలు గీతకీ, పైన సిరాకీ, లోపల రంగుకీ అంతా కలిపి పది నిమిషాలు వేసుకున్నా 840 గంటలు. అంటే ఒక మనిషి రోజుకి ఎనిమిది గంటల చొప్పున 105 రోజులు, ఆదివారాలు కూడా లేకుండా!

ఇప్పుడు ఇంకో సంగతి. 1921లో పాల్ టెర్రీ మొదలుపెట్టిన ఈసప్ కథల కార్టూన్లు వారానికొకటి చొప్పున థియేటర్లకి వెళ్ళేవి. వారానికొకటి! మన ప్రాజెక్టు మేనేజర్లు నయం.

ఈ లెక్క మనసులో పెట్టుకోండి. ఆ కాలపు నలుపు తెలుపు కార్టూన్లలో ఏది మనల్ని ఇప్పటికీ కట్టిపడేస్తుందో, ఏది చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుందో, రెండూ ఈ లెక్కలోంచే పుట్టాయని నాకనిపిస్తుంది. అదెలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట్నుంచీ మొదలుపెడదాం. 1906లో జె. స్టూవర్ట్ బ్లాక్టన్ అనే ఆయన అమెరికాలో ఒక చిన్న సినిమా తీశాడు. నల్లబల్ల మీద సుద్దముక్కతో ఒక మొగమొహం, ఒక ఆడమొహం. అవి కళ్ళు తిప్పుతాయి, మగాయన చుట్ట పొగ ఆవిడ మీదకి వదుల్తాడు. అంతే కథ. రెండేళ్ళ తర్వాత, 1908లో, పారిస్‌లో ఎమిల్ కోల్ 'ఫాంటస్మగోరీ' తీశాడు. నిడివి రెండు నిమిషాల లోపు, బొమ్మలు ఏడువందల దాకా. తెల్లకాగితం మీద నల్లగీతలతో గీసి, ఫిల్మును నెగెటివ్‌లో ముద్రించాడు. దాంతో అది కూడా నల్లబల్ల మీద సుద్దగీతల్లాగే కనిపిస్తుంది.

మీరెప్పుడైనా ఆ రెండు నిమిషాలూ చూడండి. ఒక గీత మనిషవుతుంది, మనిషి సీసాలో దూరతాడు, సీసా పువ్వవుతుంది, పువ్వు ఏనుగవుతుంది, ఏనుగు ఇల్లవుతుంది. ఎందుకయ్యిందని అడగడానికి టైమివ్వడు. కథ లేదు, నీతి లేదు, ఆఖరికి బొమ్మకో పేరు కూడా లేదు. అయినా కళ్ళు తిప్పుకోలేం. గీతకి ప్రాణం రావడమే అక్కడ కథ.

ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, తర్వాతొచ్చిన కార్టూన్లు నెమ్మదిగా మామూలు సినిమాల్ని అనుకరించడం నేర్చుకున్నాయి. ఈ తొలినాటి వాటికి ఆ ఊసే లేదు. కెమెరాతో తీయగలిగింది బొమ్మతో మళ్ళీ గీయడం దండగని వాళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. కెమెరా తీయలేనిదే గీశారు.

తర్వాత విన్సర్ మెక్‌కే. ఈయన అప్పటికే వార్తాపత్రికల్లో బొమ్మల కథలకి పేరుమోసిన వాడు. 1911లో తన 'లిటిల్ నీమో' పాత్రల్ని కదిలించాడు. 1912లో మనిషి రక్తం తాగే దోమ మీద ఒక సినిమా. (ఆ దోమ ముక్కుని సాన పెట్టుకునే తీరు చూస్తే మన ఊళ్ళ దోమలు గుర్తొచ్చి తీరతాయి.) 1914లో గెర్టీ అనే డైనోసార్. గెర్టీని ఆయన ఒట్టి సినిమాలాగా చూపించలేదు. స్టేజీ మీద కొరడా పట్టుకుని తెర పక్కన నిలబడేవాడు. "గెర్టీ, వొంగి దండం పెట్టు" అన్నట్టు ఆజ్ఞలిచ్చేవాడు. అది వినేది. వినకపోతే కసిరేవాడు. అది ఏడ్చేది! చివర్లో ఆయన తెర వెనక్కి వెళ్ళడం, అదే క్షణాన సినిమాలో బొమ్మ మెక్‌కే ప్రత్యక్షమై డైనోసార్ మీదెక్కి సవారీ చేయడం. 1914లో జనం ఎలా నోళ్ళు వెళ్ళబెట్టి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఇక్కడ మన లెక్కకొద్దాం. గెర్టీ తీసేనాటికి పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్లు వాడే పద్ధతి ఇంకా రాలేదు. అంటే గెర్టీ కదిలిన ప్రతిసారీ, గెర్టీతో పాటు వెనకాల ఉన్న కొండలూ, చెరువూ, రాళ్ళూ మొత్తం మళ్ళీ గీయాలి. ఆ పని చేసింది మెక్‌కే పక్కింటి కుర్రాడు, జాన్ ఫిట్జ్‌సిమన్స్. వేల కాగితాల మీద అవే కొండలు, అవే రాళ్ళు, గీసిందే గీస్తూ పోయాడు. ఆ సినిమాలో వెనకాల గీతలు సన్నగా వణుకుతూ ఉంటాయి చూశారా, అది ఆ కుర్రాడి చెయ్యి. నాకు గెర్టీ కన్నా ఆ వణుకే ఎక్కువ గుర్తుంటుంది.

1914లో ఎర్ల్ హర్డ్ అనే ఆయన దీనికి విరుగుడు కనిపెట్టాడు. కదలని దృశ్యం ఒకసారే గీసి కింద పెట్టు, కదిలే బొమ్మని పారదర్శకమైన షీటు మీద గీసి పైన పరుచు. అంతే! ఇప్పుడు వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మారేదాన్నీ మారనిదాన్నీ విడదీయడం... మా వృత్తిలో మొదటి సెమిస్టర్‌లో చెప్పే పాఠమే. హర్డ్ పేటెంటు తీసుకున్నాడు. జాన్ రాండాల్ఫ్ బ్రే అనే నిర్మాత అప్పటికే మరికొన్ని పేటెంట్లు పోగేసుకుని ఉన్నాడు. ఇద్దరూ కలిసి ఒక కంపెనీ పెట్టి, ఆ పద్ధతి వాడుకునే ప్రతి స్టూడియో దగ్గరా లైసెన్సు రుసుము వసూలు చేశారు. 1932లో ఆ పేటెంట్ల గడువు తీరేదాకా ఆ వసూళ్ళు సాగాయి. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల గోల మనమే మొదలుపెట్టామని అనుకుంటాం గానీ, బొమ్మలవాళ్ళు మనకన్నా చాలా ముందే ఆ రుచి చూశారు.

సరే, ఇప్పుడు అసలు అందం దగ్గరకొద్దాం. ఆ కార్టూన్లలో చేతులూ కాళ్ళూ గమనించారా? మోచెయ్యుండదు, మోకాలుండదు. తోటకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టంలాగా ఎటు కావాలంటే అటు వంగుతాయి. 'రబ్బర్ హోస్' పద్ధతని దీనికి పేరే ఉంది. ఎందుకలా? కీళ్ళు గీయాలంటే శరీరశాస్త్రం తెలియాలి, ప్రతి బొమ్మలోనూ ఎముక పొడుగు ఒకేలా ఉండాలి. గొట్టానికి ఆ బాధ లేదు. చకచకా గీసేయొచ్చు. అలాగే ఒంటినిండా నలుపు. ఫీలిక్స్ పిల్లిని నల్లగా గీయడం వల్ల గీతల పని తగ్గింది. నల్ల ముద్ద కదిలితే తెర మీద ఇట్టే కనబడుతుంది కూడా. మిక్కీ తల ఒక సున్నా, చెవులు రెండు సున్నాలు. తల ఎటు తిప్పినా చెవులు మాత్రం మనవైపే గుండ్రంగా ఉంటాయి. అసలు చెవులకది సాధ్యం కాదు. అయినా మనమెవరం అభ్యంతరం చెప్పలేదు, చెప్పం కూడా.

అంటే గీత తగ్గించడానికి వేసిన అడ్డదారే శైలి అయి కూర్చుంది. గంటలు మిగుల్చుకోవడానికి ఎముకలు తీసేస్తే, బొమ్మకి మనిషికి లేని స్వేచ్ఛ వచ్చింది. ఫీలిక్స్ తోక ఊడొచ్చి చేతికర్రవుతుంది. తలమీద లేచిన ప్రశ్నార్థకాన్ని అందుకుని కొక్కెంలాగా వాడుకుంటాడు. ఆలోచన వస్తువవుతుంది. మూకీల రోజుల్లో ఇంతకన్నా తెలివైన బొమ్మ ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఇవన్నీ చిన్నపిల్లల కోసం తీశారని అనుకునేరు. కాదు. థియేటర్లో పెద్ద సినిమాకి ముందు వార్తాచిత్రంతో పాటు వేసేవాళ్ళు. చూసేది ఇంటిల్లిపాదీ. 1919లో వచ్చిన మొదటి ఫీలిక్స్ కార్టూన్‌లో (అప్పటికింకా ఆ పేరు పెట్టలేదు) కథానాయకుడు, తన పిల్లికూనల మందని చూసి హడలిపోయి, గ్యాసు గొట్టం నోట్లో పెట్టుకుని ప్రాణం తీసుకుంటాడు. అదీ హాస్యమే! వీటిని పిల్లల సరుకుగా మార్చింది తర్వాతొచ్చిన టీవీ.

ఇక శబ్దం. 1928 నవంబరు 18న న్యూయార్క్ కాలనీ థియేటర్లో 'స్టీమ్‌బోట్ విల్లీ' ఆడింది. మన 'భక్త ప్రహ్లాద' రావడానికి మూడేళ్ళకి పైగా ముందన్నమాట. మొదటి శబ్ద కార్టూన్ అదేనని చాలా చోట్ల రాస్తుంటారు, నిజం కాదు. ఫ్లైషర్ సోదరులు 1924 నుంచే పాటల కార్టూన్లకి శబ్దం జోడిస్తున్నారు. డిస్నీ చేసిన కొత్త పని వేరు. ముందే తాళం నిర్ణయించుకుని, సెకనుకి 24 ఫ్రేముల్లో ఏ ఫ్రేము దగ్గర ఏ దెబ్బ పడాలో లెక్కకట్టి, దానికి తగ్గట్టు బొమ్మలు గీయించాడు. మొదటిసారి ఆర్కెస్ట్రాతో రికార్డింగు కుదర్లేదు. రెండోసారి తెరమీద తాళానికి తగ్గట్టు ఎగిరే ఒక బంతి గుర్తు పెట్టించి, దాన్ని చూసి వాయించమన్నాడు. దాంతో బొమ్మా శబ్దమూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఈరోజు చూసినా ఆ జత ఎక్కడా జారదు.

మరి అదే సినిమాలో వాయించేదేమిటి? మేక తోక తిప్పితే దాని నోట్లోంచి సంగీతం వస్తుంది. పిల్లి తోక పట్టుకుని గిరగిరా తిప్పుతాడు. బాతుని నొక్కితే కుయ్యిమంటుంది. పాలు తాగుతున్న పందిపిల్లల్ని తోకలు పట్టి లాగుతాడు. ఆవు పళ్ళ మీద కర్రలతో సరిగమలు. ఆ పందుల ముక్కని తర్వాత్తర్వాత చూపించిన కాపీల్లోంచి కోసేశారు కూడా. ఎముకల్లేని లోకంలో నొప్పి కూడా ఉండదు కదా! బొమ్మకి ఏదైనా చేయొచ్చన్న స్వేచ్ఛలోంచి వచ్చిన నవ్వూ అదే, క్రూరత్వమూ అదే.

ఇంకో లోటు, వరసగా నాలుగు చూస్తే మీకే తెలిసిపోతుంది. చూసిందే మళ్ళీ చూస్తున్నట్టుంటుంది. నిజంగానే చూస్తున్నారు! ఒక నడకకి ఎనిమిదో పదహారో బొమ్మలు గీసి, వాటినే చక్రంలా తిప్పుతారు. నలుగురు నాట్యం చేస్తుంటే నలుగురికీ ఒకటే బొమ్మ. 1929లో వచ్చిన 'స్కెలిటన్ డాన్స్' నాకు చాలా ఇష్టం. కార్ల్ స్టాలింగ్ సంగీతం, అబ్ ఐవర్క్స్ బొమ్మలు, శ్మశానంలో నాలుగు అస్థిపంజరాల చిందులు. కానీ అందులోనూ అదే గంతు అటోసారి ఇటోసారి. అయిదారు నిమిషాలకే కథ అయిపోయిందన్న సంగతి మనకి తెలుస్తుంది, దానికి తెలియదు. పాత్రలకి లోపల ఏమీ ఉండదు. మిక్కీ తొలి సినిమాల్లో ఎవరో చెప్పమంటే, ఈల వేసే ఎలుక అనడం తప్ప ఇంకేం చెప్పగలం? 1933లో 'త్రీ లిటిల్ పిగ్స్' వచ్చేదాకా, చూడ్డానికి ఒకేలా ఉన్న మూడు పందిపిల్లల్ని నడక తేడాతో గుర్తుపట్టొచ్చని చాలామందికి తట్టలేదు. (అది రంగుల సినిమా. అప్పటికే నలుపు తెలుపుకి గంట మోగింది.)

ఇప్పటిదాకా చెప్పినవి చిన్న లోట్లు. పెద్దది ఇంకోటుంది.

మా అమ్మాయికి ఏడేళ్ళు. పుట్టింది ఇక్కడే, న్యూజెర్సీలో. ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరం పాత ఫ్లైషర్ కార్టూన్లు చూస్తున్నాం. 1932లో వచ్చినది ఒకటుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన బృందంతో నిజంగా కనిపించి వాయిస్తాడు. ఆయన ట్రంపెట్ వింటే మా అమ్మాయి సోఫా మీద గెంతడం మొదలుపెట్టింది. తర్వాత బెట్టీ బూప్‌ని ఎవరో అడవి మనుషులు ఎత్తుకుపోతారు. వాళ్ళంతా నల్లటి నరమాంస భక్షకులు, ముక్కులో ఎముకలు, ఇంతలావు పెదాలు. వాళ్ళలో ఒకడు కోకో, బింబోల వెంటపడతాడు. వాడి తల ఒంట్లోంచి ఊడి ఆకాశంలో తేలుతూ తరుముతుంది. చూస్తూండగానే ఆ తల ఆర్మ్‌స్ట్రాంగ్ నిజమైన తలగా మారిపోయి పాట పాడుతుంది.

అది గెంతడం ఆపేసింది. "నాన్నా, ఆ అంకుల్ మంచాయన కదా, మరి ఆయన్ని రాక్షసుడెందుకు చేశారు?" అంది.

"వాళ్ళకి ఆయన పాట కావాలి తల్లీ, ఆయన్ని మనిషిగా చూడ్డం మాత్రం రాలేదు" అన్నాను. అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటే గానీ, తర్వాత ఎంత ఆలోచించినా అంతకన్నా సరిగ్గా చెప్పడం నాకు చేతకాలేదు.

ఇది ఆ ఒక్క కార్టూన్ సంగతి కాదు. వార్నర్ వాళ్ళ లూనీ ట్యూన్స్ వరసలో మొట్టమొదటి పాత్ర బాస్కో, 1930. నల్లజాతి కుర్రాడిని వెక్కిరిస్తూ చేసిన బొమ్మ. మొదట్లో వాడి మాట కూడా ఆ వెటకారపు యాసే. ఇంకాస్త వెనక్కి వెళితే ఈ నల్లటి ఒళ్ళు, వెడల్పాటి నోరు, పెద్ద కళ్ళు, తెల్లటి చేతితొడుగులు... ఇవన్నీ తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళని ఎగతాళి చేస్తూ ఆడిన మిన్‌స్ట్రల్ నాటకాల్లో ఉన్నవే. మిక్కీకి 1929లో తెల్ల తొడుగులు వేశారు. నల్లటి ఒంటి ముందు నల్లటి చెయ్యి కనబడదు కాబట్టి అన్నది ఒక కారణం. అది నిజమే. జనానికి అప్పటికే అలవాటైన స్టేజీ వేషం అదే అన్నదీ నిజమే. 2015లో నికోలస్ సామండ్ అనే ప్రొఫెసర్ ఈ బంధుత్వం మీదే ఒక పుస్తకం రాశాడు.

నా లెక్క ఇక్కడికొచ్చి తగుల్తుంది. గంటల కరువు ఉన్నవాడు ఏం చేస్తాడు? రెడీమేడ్ సరుకు వాడతాడు. నడకకి చక్రం ఉన్నట్టే, మనుషులకి కూడా చక్రాలున్నాయి. నల్లవాడంటే ఇలా, యూదు వర్తకుడంటే ఇలా, చైనావాడంటే ఇలా. ఒక్క గీతతో జనానికి అర్థమైపోవాలి, ఆరు నిమిషాలే ఉంది. మేం ఎవరో రాసిన లైబ్రరీని లోపలేముందో చదవకుండా ప్రోగ్రాంలోకి తెచ్చి అతికించినట్టు, వాళ్ళు స్టేజీ మీద తయారుగా ఉన్న ద్వేషాన్ని తెచ్చి అతికించారు. పని జరిగిపోయింది. లోపలున్న విషం కూడా దాంతోపాటే వచ్చింది. రబ్బరు చేతి అడ్డదారి అందాన్నిస్తే, ఈ అడ్డదారి అవమానాన్నిచ్చింది. పైన చెప్పిన 'త్రీ లిటిల్ పిగ్స్'లో కూడా తోడేలు ఒకచోట యూదు వర్తకుడి వేషంలో వస్తుంది. 1948లో ఆ ముక్కని మళ్ళీ గీయించాల్సి వచ్చింది.

అయితే గంటల కరువొక్కటే కారణమని నేననను. అదే కరువులో మెస్మర్ పిల్లి తోకని నిచ్చెన చేశాడు. కరువు అడ్డదారి వెతుక్కోమంటుంది, ఏ దారో చెప్పదు. ఆ దారి మనిషే ఎంచుకుంటాడు.

మనకి ఈ పాపం అంటదని అనుకోవద్దు. మన సినిమాల్లో నల్లగా ఉన్న పిల్ల మీద ఎన్ని జోకులు! నత్తివాడి మీద, లావుగా ఉన్నవాళ్ళ మీద, ఫలానా జిల్లా యాస మీద... హాస్యం ట్రాక్ రాయడానికి టైము లేనివాడికి అవన్నీ చేతికందే సరుకే. ఇక్కడ ఆఫీసులో ఎవరైనా మన తల ఊపుడినీ యాసనీ అనుకరిస్తే చురుక్కుమంటుంది. ఇంటికొచ్చి మన కామెడీ క్లిప్పులు పెట్టుకుని పడీపడీ నవ్వుతాం. రెండూ ఒకే కార్ఖానా సరుకు.

ఇంకొక విషయం మిగిలింది. పేర్లు.

ఫీలిక్స్ సినిమాల మీద పడ్డ పేరు పాట్ సల్లివన్‌ది, స్టూడియో యజమాని ఆయనే. ఏళ్ళ తరబడి ఆ పిల్లిని గీసి, కదిలించి, ఆలోచింపజేసింది ఓటో మెస్మర్ అని చాలామంది చరిత్రకారుల మాట. ఆ సంగతి లోకానికి గట్టిగా తెలిసింది 1960లూ 70ల్లోనే. సల్లివన్ 1933లో పోయాక హక్కులేవీ మెస్మర్‌కి దక్కలేదు. ఆయన తర్వాత టైమ్స్ స్క్వేర్‌లో మినుకుమినుకుమనే కరెంటు బల్బుల ప్రకటన బోర్డులకి బొమ్మలు గీసి బతికాడు. 1928లో న్యూయార్క్‌లో టెలివిజన్ ప్రయోగాలు చేసినప్పుడు కెమెరా ముందు గుండ్రంగా తిరిగే పళ్ళెం మీద నిలబెట్టింది ఫీలిక్స్ బొమ్మనే. ఆ బొమ్మకి అంత పేరు, గీసినవాడికి పేరే లేదు.

డిస్నీకీ ఆ దెబ్బ తగిలింది. 1927లో ఓస్వాల్డ్ అనే కుందేలు బొమ్మతో సినిమాలు మొదలుపెట్టాడు. 1928లో ఎక్కువ డబ్బు అడగడానికి వెళితే, పంపిణీదారు చార్లెస్ మింట్జ్ తక్కువకి చెయ్యమన్నాడు. పైగా చాలామంది చిత్రకారులు అప్పటికే మింట్జ్ దగ్గర సంతకాలు పెట్టేశారు. కుందేలు హక్కులు యూనివర్సల్ వాళ్ళవని కాగితాల్లో ఉంది. చేతులు దులుపుకుని బయటికొచ్చి చేసిందే మిక్కీ. ఆ కుందేలు డిస్నీ ఇంటికి 2006లో తిరిగొచ్చింది, అదీ ఎలాగనుకున్నారు? అల్ మైకల్స్ అనే ఆటల వ్యాఖ్యాతని ఎన్‌బీసీ వాళ్ళకి ఇచ్చిన బేరంలో ఓ భాగంగా! మనిషినిచ్చి కుందేలుని తెచ్చుకున్నారు.

మరి అంత దెబ్బ తిన్న డిస్నీ, మిక్కీని గీసిన అబ్ ఐవర్క్స్‌ని ఎలా చూశాడు? తొలి మిక్కీ సినిమాల్లో బొమ్మల పని దాదాపు అంతా ఐవర్క్స్‌దే. కంపెనీలో ఆయనకి 20 శాతం వాటా ఉండేది. 1930లో బయటికి వెళ్ళిపోతూ ఆ వాటాని 2,920 డాలర్లకి వదిలేసుకున్నాడు. స్టాక్ ఆప్షన్ల గురించి పొద్దున్నే కాఫీ మెషీన్ దగ్గర మాట్లాడుకునే మా వాళ్ళకెవరికైనా ఈ అంకె చెబితే ఒక నిమిషం మౌనం పాటిస్తారు.

బెట్టీ బూప్ కథ ఇంకా చిత్రం. ఆ గొంతూ, ఆ ముద్దు పలుకులూ తనవేనని హెలెన్ కేన్ అనే గాయని 1932లో దావా వేసింది. 1934లో కోర్టు కొట్టేసింది. ఆ విచారణలో తేలిందేమిటంటే, బేబీ ఎస్తర్ అనే నల్లజాతి బాల కళాకారిణి ఇంకా ముందే క్లబ్బుల్లో ఆ తరహాలో పాడిందని. గెలిచిన స్టూడియోకీ, ఓడిన గాయనికీ పేరుంది. ఎస్తర్‌కి ఆ కేసు కాగితాలే మిగిలాయి.

నేను కన్సల్టెంట్‌ని. నేను రాసేదేదీ నాది కాదని మొదటి రోజే సంతకం పెడతాను. ఒకసారి ఒక క్లయింటు దగ్గర ఏడాదిన్నర కష్టపడి కట్టిన పనికి సన్మానసభ జరిగితే, కేకు ముక్క అందింది గానీ స్లైడులో పేరు లేదు. జీతం తీసుకున్నాను కాబట్టి ఫిర్యాదు లేదు. కానీ ఆ వణికే కొండల గీత చూసినప్పుడల్లా ఫిట్జ్‌సిమన్స్ పేరు పైకి చదువుకుంటాను. ఎవరో ఒకరు చదవాలి కదా.

1934 మధ్య నుంచి హాలీవుడ్‌లో సెన్సారు నియమావళి గట్టిగా అమలైంది. బెట్టీ గౌను పొడుగైంది, అల్లరి తగ్గింది. అంతకుముందే 1932లో డిస్నీ 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్' పూర్తి రంగుల్లో వచ్చింది. చేతులకి మోచేతులు మొలిచాయి, బొమ్మలకి బరువొచ్చింది, కన్నీళ్ళొచ్చాయి. ఎంతో సాధించారు, కాదనను. కానీ పువ్వు ఏనుగవడం ఆగిపోయింది. 1960ల చివర్లో వార్నర్ వాళ్ళ నలుపు తెలుపు కార్టూన్లని టీవీలో రంగుల్లో అమ్ముకోవడానికి కొరియాకి పంపి మొత్తం మళ్ళీ గీయించారు. చవగ్గా, త్వరగా. రంగైతే వచ్చింది గానీ కదలిక చచ్చిపోయింది. అర్థం చేసుకోకుండా కాపీ కొడితే ఏమవుతుందో చూడాలంటే అవి చూడాలి.

దీనికి మందు కూడా ఉంది. 2017లో కెనడాలో ఇద్దరు అన్నదమ్ములు 'కప్‌హెడ్' అనే వీడియో గేము తెచ్చారు. 1930ల పద్ధతిలోనే ప్రతి బొమ్మా కాగితం మీద చేత్తో గీయించారు. ఆ రబ్బరు చేతులూ, ఆ జాజ్ సంగీతమూ తీసుకున్నారు, జాతుల వెక్కిరింతల్ని వెనకే వదిలేశారు. అలా తీసిపారేస్తే ఆ గాయాన్ని కప్పిపుచ్చినట్టు కాదా అని అడిగినవాళ్ళూ ఉన్నారు. అదీ ఆలోచించాల్సిన ప్రశ్నే. అందుకే నేను మా ఇంట్లో రెండూ ఉంచాను, కొత్త గేమూ, పాత ఆర్మ్‌స్ట్రాంగ్ కార్టూనూ. రెండోది మాత్రం మా అమ్మాయి ఒక్కతే చూడకూడదని షరతు. చూసినప్పుడు ఆపి మాట్లాడుకోవాలి.

ఒక గంట ఖాళీ ఉంటే మీరూ ఈ వరసలో చూడండి. 'ఫాంటస్మగోరీ' (1908), 'గెర్టీ' (1914), ఏదో ఒక మూకీ ఫీలిక్స్, 'స్టీమ్‌బోట్ విల్లీ' (1928), 'స్కెలిటన్ డాన్స్' (1929), ఆఖరున బెట్టీ బూప్ 'స్నో వైట్' (1933). ఈ చివరిదాన్ని రోలాండ్ క్రాండల్ దాదాపు ఒంటిచేత్తో గీశాడు. కాబ్ కాలోవే నిజంగా చేసిన నాట్యాన్ని ఫ్రేము ఫ్రేముగా దించి కోకో అనే బఫూన్‌కి తొడిగారు. వాడు పాడుతూ పాడుతూ దెయ్యమవుతాడు, దెయ్యం కాస్తా గొలుసవుతుంది, సీసా అవుతుంది. కోల్ గీత పాతికేళ్ళ తర్వాత పాట నేర్చుకుని తిరిగొచ్చినట్టుంటుంది. 'స్టీమ్‌బోట్ విల్లీ' 2024 జనవరి 1 నుంచి అమెరికాలో ఎవరైనా వాడుకోవచ్చు, కాబట్టి డబ్బు ఖర్చు కూడా లేదు.

చూసేటప్పుడు రెండు పనులు చేయండి. నవ్వొచ్చిన చోట ఏ గీత మిగుల్చుకున్నారో చూడండి. ఒళ్ళు జలదరించిన చోట ఎవరి మనిషితనాన్ని మిగుల్చుకోకుండా ఖర్చు చేశారో చూడండి. మొదట్లో వచ్చే పేర్ల అట్ట మాత్రం దాటేయకండి. అందులో ఉన్న పేరుకన్నా లేని పేర్లే ఎక్కువ.